ఇరవై తగ్గించి

ఆదోనిలో మధ్యాహ్నం మూడు.
రేకుల కింద నా అంగడి.
ఫ్యాను తిరిగేది గాలికి కాదు,
ఉన్న సెగనే ఇంకోసారి కలియబెట్టడానికి.
గోడకు తగిలించిన గొట్టంలో పాదరసం
నలభై మూడు ఎక్కి ఆయాసంతో నిలబడింది.

కౌతాళం తిక్కయ్య స్టూలు మీద కూర్చోలేక కూర్చున్నాడు.
ఒళ్లో తువ్వాలు, తువ్వాల్లో బోర్డు.
నాటుకోడి గుడ్లు పొదిగే పెట్టెది.
"మున్నూరు గుడ్లుండాయి తల్లీ, పద్దెనిమిదో దినం.
ముప్పై ఏడున్నర దాటితే ఉడుకుతాయి,
తగ్గితే చస్తాయి.
మా ఆడామె విసనకర్ర పట్టుకోని
వాటి పక్కనే కూసుంది."

రిలే కాలొకటి ఊడింది, అంతే.
రెండు నిమిషాల పని అన్నాను.
అనకుండా ఉండాల్సింది.

సోల్డరు ముట్టించగానే మెరవలేదు,
బూడిదరంగు తిరిగి ముద్దకట్టింది.
గుగ్గిలం పొగ రావాల్సిన చోట మాడు వాసన.
రాగి పొర ఎండిన పొక్కులా లేచి
మొనకు అంటుకొని నాతో వచ్చేసింది.
తిక్కయ్య చూడలేదు.
నేను చూశాను.

స్టేషను మీద ఎర్ర అంకెలు మాత్రం
మూడు వందల ఇరవై.
ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

"ఎండకేమో అక్కా" అన్నాడు ఉరుకుందు.
పదహారేళ్లవాడు, అన్నిటికీ ఎండనే తిడతాడు.
ఈసారి కొంత నిజమే.
వేడి కొలిచే ఆ తీగల జంట
వేడిని చూడదు, తేడాను చూస్తుంది,
మొనకూ గదికీ మధ్య ఎంత అని.
గది ఎప్పుడూ ఇరవై అయిదులోనే ఉంటుందని
దీన్ని చేసినాయన ఎక్కడో చల్లగా కూర్చొని నమ్మాడు.
ఆయనకు ఆదోని తెలియదు.
అదొక పద్దెనిమిది.
పద్దెనిమిదికే రాగి లేచిపోతుందా?

నాబ్ కిందికి తిప్పితే చల్లారుతోంది.
అంటే ట్రయాక్ మంచిదే,
చెప్పింది చేస్తోంది పాపం.
చెప్పేవాళ్ల దగ్గరే ఏదో ఉంది.

పిడి విప్పాను. మూడు మరలు.
ఒకటి చెమట వేళ్లలోంచి జారి ఎటో దొర్లింది.
లోపల, సరిగ్గా నా పిడికిలి పట్టే చోట,
తొడుగు కరిగి తీగలు రెండూ
ఒకదాని భుజం మీద ఒకటి ఒరిగి ఉన్నాయి.
అంటే ఇన్నాళ్లూ
మొన మాట కొంత, నా అరచేతి మాట కొంత
కలిపి ఒక్క అంకె చేసి చూపిస్తోంది.
నా చెయ్యి చల్లగా ఉందని
మొనకు ఇంకా ఇంకా మంట పోస్తోంది.

కాసేపు ఆ చెయ్యి వంక చూసుకున్నాను.

పాత ఇస్త్రీపెట్టె కడుపు కోసి
గాజునార తొడుగు లాగాం.
తీగకొక చొక్కా. మళ్లీ బిగించి
నాబ్ కింద నుంచి మెల్లగా పైకి.
నూట ఎనభై మూడుకు కరగాల్సిన సోల్డరు
అంకె నూట అరవై అయిదు చూపగానే కరిగి
గుండ్రంగా, కన్నీ కదలని నీటిబొట్టులా మెరిసింది.
లెక్క కుదిరింది. పద్దెనిమిది గదిది.

అప్పుడు చెప్పాను తిక్కయ్యకు:
"నీ బోర్డు మీద రాగి నేనే లేపినా.
వెంట్రుకంత తీగతో వంతెన కడతా,
పని చేస్తాది, కానీ చెప్పల్ల కదా."
బోర్డు వంక చూశాడు, నా వంక చూశాడు.
"గుడ్లకేం గాదుగా?" అన్నాడు.
ఆ ప్రశ్నకు నా దగ్గర మీటరు లేదు.
సగం డబ్బులే తీసుకున్నాను.
నాలుగున్నర బస్సుకు పరుగెత్తాడు,
బోర్డు మీద తువ్వాలు కప్పుకొని,
తల మీద ఏమీ లేకుండా.

స్టేషను నెత్తిన తెల్ల టేపు అంటించి రాశాను:
మే నెల, ఇరవై తగ్గించి పెట్టల్ల.
"పద్దెనిమిదే కదక్కా?"
"ఆ రెండూ మన రేకులకు."

గుడ్ల సంగతి మళ్లీ తెలియలేదు.
కౌతాళం బస్సు హారను వినబడితే
ఉరుకుందు తల ఎత్తుతాడు, నేనెత్తను.
మూడో మర ఇంకా దొరకలేదు.
పిడికి టేపు చుట్టుకొని పనిచేస్తున్నా.